ఒంటిగంట నుంచి అయిదింటి దాకా

కొత్తగా బోర్డు పెట్టుకున్న డాక్టర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ అయ్యాక అందరూ అడిగే ప్రశ్న ఒకటే. "క్లినిక్ మూసి ఉన్న వేళ పేషెంటు వస్తే ఏం చెయ్యాలి సార్? చూస్తే అలుసైపోతాం, చూడకపోతే చెడ్డపేరు." అడగడంలో తప్పులేదు. నేనూ ఆ వయసులో ఇదే ప్రశ్నతో తిరిగాను. దీనికి నా దగ్గర సిద్ధాంతం ఏదీ లేదు. ఒక మధ్యాహ్నం జరిగిన సంగతి మాత్రం ఉంది. అది చెబుతాను, మీకు పనికొచ్చేది మీరే ఏరుకోండి.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ వెళ్లే మెయిన్ రోడ్డు మీద నా క్లినిక్ ఉండేది. కింద క్లినిక్, పైన ఇల్లు. మాది కృష్ణా జిల్లా. చదువు అవగానే వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. బోర్డు మీద పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట, సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది అని రాయించాను. మధ్యలో ఏం చేస్తాను? భోంచేసి పడుకుంటాను. ఇందులో నాకు సిగ్గేమీ లేదు, అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. పొద్దుటి నుంచి గొంతుల్లోకి టార్చిలైటు వేసి చూసినవాడు కాసేపు కళ్లు మూయకపోతే, సాయంత్రం ఒకరి మందు ఇంకొకరికి రాసినా ఆశ్చర్యం లేదు. నిద్ర డాక్టరుకు విలాసం కాదు, పేషెంటుకు రక్షణ. ఈ మాట నేను ఎక్కడైనా, ఎవరి ముందైనా అంటాను.

ఆ నిద్రకు కాపలా మా కంపౌండరు. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చిన మనిషి. క్లినిక్ షట్టరు మొదటి రోజు ఎత్తింది అతనే, చివరి రోజు దించిందీ అతనే. మనిషి సన్నం, గొంతు మాత్రం పెద్దది. ఒంటిగంట కొట్టగానే నా చేతిలోంచి స్టెతస్కోపు లాక్కున్నంత పని చేసేవాడు. నా సెల్ ఫోను కూడా ఆ నాలుగు గంటలూ అతని జేబులోనే. షట్టరు సగం దించి, డబ్బాలో తెచ్చుకున్న అన్నం తిని, బల్ల మీద నడుం వాల్చేవాడు. ఎవరైనా వంగి లోపలికి తొంగిచూస్తే చాలు, లేవకుండానే అడిగేవాడు.

"ఏంది? అర్జెంటా?"

ఆ ప్రశ్నకు ఏ జవాబు చెప్పినా లాభం ఉండేది కాదు. అర్జెంటు అంటే, "గంత అర్జెంటైతె ఈడెందుకు ఆగిన్రు, పెద్ద దవాఖానకు పోండ్రి" అనేవాడు. కాదంటే, "మరి అర్జెంటు గానప్పుడు అయిదు గొట్టంగ రాండ్రి, సారు పండుకున్నడు" అనేవాడు. ఈ తర్కాన్ని ఎదుర్కొన్న మొనగాడు మా ఏరియాలో చాలా కాలం పుట్టలేదు.

చివరికి ఎదుర్కొన్నది ఒక ఆడమనిషి. మా క్లినిక్‌కు కొంచెం అవతల, రోడ్డుకు అటువైపు మెస్సు నడిపేది. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఆవిడ. చైతన్యపురి హాస్టళ్లలో ఉండి కోచింగు తీసుకునే పిల్లలంతా ఆవిడ చేతి పప్పు తిని బతికినవాళ్లే. వాళ్లలో ఎవరికి జ్వరం వచ్చినా తనే వెంటబెట్టుకుని వచ్చేది, అదీ సరిగ్గా మెస్సులో భోజనాలు అయ్యాక, అంటే మధ్యాహ్నం మూడింటికి. ఆవిడకు తీరిక దొరికే వేళా, నేను పడుకునే వేళా ఒకటే.

ఒకరోజు కంపౌండరుతో ఆవిడ గొడవ పైదాకా వినిపించింది.

"ఏవయ్యా, అర్జెంటయితే పెద్దాసుపత్రికి పొమ్మంటావు, కాకపోతే అయిదింటికి రమ్మంటావు. ఆ రెంటికీ మధ్యలో ఉండే జబ్బులు ఎక్కడికి పోవాలయ్యా?"

"మధ్యల జబ్బులు అంటె ఏంటియమ్మా?"

"ఏవో తెలిస్తే నేనే డాక్టర్నవుదును కదా! తెలీకే కదా వచ్చింది!"

నేను దుప్పట్లో నవ్వుకుని అటు తిరిగి పడుకున్నాను. కానీ ఆ మాట చెవిలో ఉండిపోయింది. సాయంత్రం అడిగితే కంపౌండరు చెయ్యి విదిలించేశాడు. "ఆమె మాటలకేంది సార్, ఒక్కసారి అలవాటు చేసినమంటె దినాం తోల్కొస్తది. మీరు పరేషాన్ గాకుండ్రి." తర్వాత నుంచి ఆ ఇద్దరికీ పడేది కాదు. అతను మెస్సు వైపు చూసేవాడు కాదు, ఆవిడ మందుల చీటీ కూడా పిల్లల చేతే పంపేది.

అలా ఉండగా తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. బందులు, ర్యాలీలు, రాస్తారోకోలు. మా మెయిన్ రోడ్డు మీద బస్సులు తిరిగిన రోజులు తక్కువ, ఆగిన రోజులు ఎక్కువ. వనస్థలిపురం నుంచి మలక్‌పేట దాకా ఏ టీ కొట్టు దగ్గర చూసినా అదే చర్చ. మా కంపౌండరు నిలువెల్లా ఉద్యమకారుడు. నేను సెటిలర్ని. ఇద్దరం ఒకే గదిలో పొద్దస్తమానం పనిచేసేవాళ్లం. ఎలా వేగారని ఇప్పటికీ అడుగుతారు. బాగానే వేగాం. పొద్దున పేపరు వచ్చాక అరగంట వాదించుకునేవాళ్లం, మొదటి పేషెంటు దగ్గగానే ఆపేసేవాళ్లం. "రాష్ట్రమొస్తె మిమ్ముల పంపిస్తమా సార్, మిమ్ముల పంపితె నాకు జీతమెవరిస్తరు?" అని నవ్వేవాడు. ఆ నవ్వులో కల్మషం ఉండేది కాదు.

రోడ్డు పక్కన, మెస్సుకు ఎదురుగా, రిలే నిరాహార దీక్షల శిబిరం వెలిసింది. రోజుకో బృందం పొద్దున దండలు వేయించుకుని కూర్చునేది. సాయంత్రం అయిదింటికి ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి నిమ్మరసం తాగించి విరమింపజేసేవాడు. కంపౌండరు నన్ను అడిగాడు. "సార్, జర రోజుకొక్కపారి వచ్చి కూసున్నోళ్లకు బీపీ చూడున్రి. మీరొస్తె మాకూ మంచిగుంటది." నేను సరేనన్నాను. మధ్యాహ్నం క్లినిక్ మూయగానే వెళ్లి, అందరి చేతికీ పట్టీ చుట్టి చూసి, ఇంటికి వచ్చి భోంచేసేవాణ్ని. మొదట్లో కొందరు అనుమానంగా చూసినా తర్వాత అలవాటుపడ్డారు. శిబిరం చూసుకునేది ఒక పెద్దాయన, లారీల మెకానిక్కు. ఆయన నాకు ప్రత్యేకంగా కుర్చీ తెప్పించేవాడు.

ఒక బందు రోజుకు ముందు సాయంత్రం కంపౌండరు తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"రేపు నేను గూడ కూసుంట సార్."

"నీకు షుగరుందయ్యా. నువ్వు కూర్చోకూడదు."

"ఒక్క పూటే గద సార్."

"మాత్ర వేసుకుని తిండి మానేస్తే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా? కూర్చోవద్దు. వెళ్లి నినాదాలు ఇచ్చి రా, చాలు."

తల ఊపాడు. మనవాళ్ల తల ఊపు సంగతి మీకు తెలిసిందే, అది ఒప్పుకున్నట్టూ కాదు, ఒప్పుకోనట్టూ కాదు. నేను మాత్రం ఒప్పుకున్నాడనే అనుకున్నాను.

మర్నాడు రోడ్డంతా బోసిపోయింది. క్లినిక్‌కు ఇద్దరు ముగ్గురు తప్ప ఎవరూ రాలేదు. నేను శిబిరానికి వెళ్లేసరికి చివరి వరసలో, మెడలో బంతిపూల దండతో, మా కంపౌండరు. నన్ను చూసి కళ్లు దించుకున్నాడు. బీపీ చూసే నెపంతో పక్కన కూర్చుని చెవిలో అడిగాను.

"పొద్దున గోలీ వేసుకున్నావా?"

"ఏస్కోలే సార్, ఒట్టు."

అందరి ముందు చెయ్యి పట్టుకుని లేపవలసింది కదా అంటారు. ఆ రోజుల్ని చూసినవాళ్లు అనరు. ఒక ఆంధ్రా డాక్టరు, దీక్షలో కూర్చున్న తెలంగాణ మనిషిని దండ తీయించి లేపి తీసుకుపోతే ఆ రోడ్డు మీద ఏమనుకుంటారో ఊహించండి. పైగా అతని మొహంలో ఆ రోజు ఒక వెలుగుంది. పెళ్లికొడుకులా కూర్చున్నాడు. బీపీ బాగానే ఉంది, మాట స్పష్టంగా ఉంది. మాత్ర వేసుకోకపోతే సాయంత్రం దాకా ఆకలితో ఉండగలడు. లేచి వస్తూ అలవాటు కొద్దీ సెల్ ఫోను తీసి అతని చేతిలో పెట్టాను. అతనూ అలవాటు కొద్దీ జేబులో వేసుకున్నాడు. ఆ క్షణంలో మా ఇద్దరికీ అందులో వింతేమీ కనిపించలేదు.

మా ఆవిడ ముందు రోజే వనస్థలిపురంలో వాళ్ల చెల్లెలింటికి వెళ్లి, బందుతో అక్కడే ఉండిపోయింది. నేను ఒక్కణ్నే అన్నం పెట్టుకుని తిని పడుకున్నాను.

తర్వాత శిబిరంలో ఏం జరిగిందో నాకు అక్కడివాళ్లు చెప్పారు. మాత్ర వేసుకోలేదన్నది అబద్ధం. రోజూ వందసార్లు పేషెంట్లకు "షుగరు గోలి ఒక్క దినం గూడ ఇడ్వొద్దు" అని చెప్పే మనిషి, తాను విడుస్తాడా? పొద్దున్నే వేసుకుని, పైన గుక్కెడు నీళ్లు తాగి వచ్చి కూర్చున్నాడు. కాసేపటికి చెమటలు పట్టాయి. ఎండకు అనుకున్నారు. తర్వాత నినాదాలు తప్పుగా ఇవ్వడం మొదలుపెట్టాడు. ఒకరు ఎత్తుకున్నదానికి ఇంకోటి జవాబిచ్చేవాడు. అందరూ నవ్వారు. ఆ తర్వాత పక్కవాణ్ని తిట్టాడు. చివరికి గుంజకు ఆనుకుని తల వేలాడేశాడు.

అప్పుడు అనుమానం వచ్చి మెకానిక్కు పెద్దాయన నా నంబరుకు ఫోను చేశాడు. ఫోను మోగింది, పడిపోతున్న మనిషి జేబులోంచే.

"సారింటికి పోయి లేపుదాం" అన్నారెవరో. "సారు పండుకుంటడు, మధ్యాహ్నం లేపితె కంపౌండరు ఊకోడు" అన్నాడు ఇంకొకడు. ఆ కంపౌండరే తమ ముందు పడి ఉన్నాడన్న సంగతి ఎవరికీ తట్టినట్టు లేదు. అంత గట్టిగా తర్ఫీదు ఇచ్చాడు వీధి మొత్తానికి. పైగా ఆ మగతలోనే అతను చెయ్యి అడ్డంగా ఊపుతూ, "సార్ను లేపొద్దు... సార్ను లేపొద్దు" అని గొణిగాడట. పోనీ కాస్త నిమ్మరసమైనా పోద్దామంటే, విరమింపజేసే నాయకుడు ఇంకా రాలేదు. ఆయన రాకుండా తాగిస్తే దీక్ష పాడవుతుందని తటపటాయించారు. వాళ్లను తిట్టకండి. వాళ్లకు అది అలసటలాగే కనిపించింది, అయిదింటి దాకా ఆగితే సరిపోతుందనుకున్నారు. కానీ అయిదింటి దాకా అతను ఉండేవాడు కాదు.

రోడ్డు అవతల మూసి ఉన్న మెస్సు గుమ్మంలో కూర్చుని ఇదంతా ఆవిడ చూసింది. శిబిరంలోకి వెళ్లడానికి ఆవిడకు జంకు, తన మాట వినగానే ఎక్కడిదో తెలిసిపోతుందని. అందుకని శిబిరం వైపు రాలేదు. తిన్నగా మా గేటు దగ్గరికి వచ్చింది.

"డాక్టరుగారూ! లేవండి! మీ కంపౌండరు పడిపోయాడండీ! డాక్టరుగారూ!"

గేటు ఊడిపోతుందేమో అన్నంతగా బాదింది. నా సర్వీసులో మధ్యాహ్నం నన్ను లేపిన మొదటి మనిషి ఆవిడ. నేను లుంగీ మీదే చొక్కా తగిలించుకుని, బ్యాగు పట్టుకుని పరుగెత్తాను. దారిలో ఆవిడ చెప్పిన ముక్కలు విన్నాక నాకు సగం అర్థమైంది. చెయ్యి పట్టుకోగానే మిగతా సగం అర్థమైంది. ఒళ్లు చల్లగా తడిసి ముద్దయింది. పిలిస్తే పలకడంలేదు.

అంత భయం నాకు నా జీవితంలో మళ్లీ వేయలేదు. చేతులు మాత్రం వాటంతట అవే బ్యాగు తెరిచాయి. అలవాటైన చేతులు ఆ మేలు చేస్తాయి.

సిరంజిలోకి గ్లూకోజు ఎక్కిస్తుంటే వెనక నుంచి ఒక కుర్రాడు అరిచాడు. "ఏం సూది ఇస్తున్నవ్ సార్? దీక్ష చెడగొట్టనీకె వచ్చినవా?" గుంపు కదిలింది. మెకానిక్కు పెద్దాయన కూడా సందేహంగా అడిగాడు. "సార్, సూది మందు ఇస్తె దీక్ష పోయినట్టేనా?"

"దీక్ష సంగతి మీరు చూసుకోండి పెద్దాయనా, మనిషి సంగతి నేను చూసుకుంటాను. చెయ్యి కదలకుండా పట్టుకోండి" అన్నాను.

ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. తర్వాత కుర్రాణ్ని వెనక్కి నెట్టి, కింద కూర్చుని కంపౌండరు మోచెయ్యి రెండు చేతులా పట్టుకున్నాడు. మందు నరంలోకి వెళ్లింది. కాసేపటికి కనురెప్పలు కదిలాయి. చూపు నిలిచింది. నన్ను చూశాడు, నా లుంగీని చూశాడు. తెలివి వచ్చాక మా కంపౌండరు అన్న మొదటి మాట ఇది.

"గీ టైముల మిమ్ముల ఎవరు లేపిన్రు సార్?"

శిబిరమంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను, నవ్వుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు.

"నేనే లేపానయ్యా" అంది వెనక నుంచి మెస్సావిడ. ఎప్పుడు వెళ్లి తెచ్చిందో, చేతిలో గ్లాసు నిండా నిమ్మరసం, అడుగున కరగని చక్కెర. "తిడితే తర్వాత తిట్టు. ముందిది తాగు."

అతను గ్లాసు వైపు చూశాడు, పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన తలాడించాడు. "తాగు తమ్మీ. ఎవరిచ్చినా నిమ్మరసమే." తాగాడు. ఇందాక అరిచిన కుర్రాడే ముందుగా చప్పట్లు కొట్టాడు. అయిదింటికి వచ్చిన నాయకుడికి ఒక మనిషి తగ్గాడు. ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నాడని విన్నాను.

షుగరు మాత్ర ప్రభావం ఒక సూదితో పోయేది కాదు, మళ్లీ పడిపోవచ్చు. అందుకని అతన్ని క్లినిక్‌లో అతని బల్ల మీదే పడుకోబెట్టి గ్లూకోజు సెలైను పెట్టాను. ఆ సాయంత్రం పేషెంట్లు వస్తుంటే అతను పడుకునే, "లైన్ల కూసోండ్రి" అని ఆజ్ఞలు జారీ చేశాడు. సద్దుమణిగాక మాత్రం నా చెయ్యి పట్టుకుని, "అబద్ధమాడిన సార్" అన్నాడు. "పేషెంట్లంతా ఆడతారు. నువ్వూ పేషెంటువే కదా ఇవాళ" అన్నాను.

అతను కోలుకున్నాక నేనొక పని చేశాను. ఓ నెల పాటు వచ్చిన ప్రతి పేషెంటునూ అడిగాను, మధ్యాహ్నం కూడా తెరవమంటారా అని. అందరూ తెరవమంటారని నా ధీమా. అలా అన్నవాళ్లు తక్కువ. ఒక రిటైర్డు హెడ్మాస్టరు గారు, "మీరు పడుకోకపోతే సాయంత్రం మీ చిరాకు మేం పడాలి, వద్దండి" అన్నారు. ఆటో నడిపే ఒకతని భార్య చెప్పింది అన్నిటికంటే బాగుంది. "దుకానం తెర్వకున్నా ఏం గాదు సార్. గని లేపితె లేస్తరన్న ధైర్యముంటె సాలు. గా ధైర్యమే సగం మందు."

కాబట్టి బోర్డు మార్చలేదు. వేళలు అవే, నిద్ర అదే. ఫోను మాత్రం నా తలగడ పక్కకు వచ్చింది. కంపౌండరు ప్రశ్నలు అడగడం మానేసి, ఎవరొచ్చినా నన్ను లేపాలని ఒప్పందం. ఇక నిద్రకు నీళ్లొదులుకోవలసిందేనని గుండె దిటవు చేసుకున్నాను. చిత్రం ఏమిటంటే, రోజుల తరబడి ఎవరూ రాలేదు. తలుపు తెరిచే ఉందని తెలిసినవాళ్లు ఊరికే తట్టరు. ఈ ముక్క యువ డాక్టర్లు రాసుకుని పెట్టుకోవచ్చు.

ఒక మధ్యాహ్నం నా పడకగది తలుపు మీద చప్పుడైంది. అన్నేళ్లలో కంపౌండరు నన్ను లేపడం అదే మొదటిసారి. "సార్, లెవ్వున్రి, పేషెంటు" అన్నాడు. గబగబా దిగాను. ఒక ముసలావిడ, ఎడమ చెయ్యి గుంజుతోందని వచ్చింది. పక్కింటాయన అలాగే గుంజుతోందని అంటూ అంటూ పోయాడట. మొహం తెల్లగా పాలిపోయి ఉంది. పరీక్ష చేశాను, ఈసీజీ తీశాను. గుండె బ్రహ్మాండంగా ఉంది. నల్లా రాకపోతే పొద్దుటి నుంచి ట్యాంకరు దగ్గర బిందెలు మోసిందట, ఆ నొప్పి. ఏం లేదమ్మా అని చెప్పగానే ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, పెద్దగా ఊపిరి వదిలి, బోసినోటితో నవ్వింది.

ఆవిడ వెళ్లాక నేను కంపౌండరు వైపు తిరిగాను. నిద్ర చెడిన కోపం ఇంకా మొహం మీదే ఉండి ఉంటుంది. "ఏమీ లేనిదానికి లేపావు కదయ్యా" అన్నాను.

అతను షట్టరు సగం దించుతూ, నా వైపు చూడకుండానే అన్నాడు.

"ఏం లేదని చెప్పనీకె గూడ డాక్టరే గావాలె గద సార్."